పన్నెండు గీతలు

పొద్దున సర్కారాసుపత్రి, ఇరవై మూడో గది.
సాయంత్రం అణ్ణానగర్‌లో గాజు తలుపుల ల్యాబు.
రెండు చోట్లా నా పని ఒకటే:
చొక్కా విప్పమనడం, చల్లటి జెల్ పూయడం,
రొమ్ము మీద ఆరు రబ్బరు బుడగలు అంటించడం,
"ఊపిరి మామూలుగా తీసుకోండి" అనడం.
ఆ మాట విన్నాక ఎవరూ మామూలుగా తీసుకోరు.

పెంచలయ్య రొమ్ముకి బుడగ అంటదు.
ఎముకల మధ్య గుంటలు, గుంటల్లో చెమట.
స్నానం చేసే వచ్చానమ్మా, అన్నాడు అడక్కుండానే.
వాళ్ల తాత నెల్లూరు పక్కనించి
ఈ ఊరి వీధులూడ్చడానికొచ్చాడట.
మా తాతదీ అదే రైలు.
నేను చెప్పలేదు,
నా తెలుగు చెప్పేసినట్టుంది,
భుజాలు కాస్త వదులయ్యాయి.

ఫారం నింపాలి.
వ్యాయామం చేస్తారా?
నవ్వాడు. నవ్వితే గీత చెడిపోతుంది, మళ్లీ మొదలు.
పుళియంతోపు హౌసింగ్ బోర్డు, నాలుగో అంతస్తు,
లిఫ్టు ఉండాల్సిన చోట గొయ్యి,
నీళ్ల లారీ వచ్చిన రోజు ఎనిమిది బిందెలు,
పెళ్లానికి మోకాళ్లు పోయాయి కనక అన్నీ తనే.
దీన్ని ఏ గడిలో రాయను?
'లేదు' దగ్గర టిక్కు పెట్టాను.
బీడీలు? రోజుకో కట్ట.
మానెయ్యాలి పెద్దాయనా, అన్నాక
వయసు గడి చూశాను: నలభై నాలుగు.
నాకంటే రెండేళ్లు చిన్న.
చెత్తలారీ వెనక ఒక్క పూట నిలబడి చూడమ్మా,
ముక్కులో ఇంకో వాసన లేకపోతే అన్నం దిగదు.
ఉప్పు?
కూర లేని రోజు ఊరగాయే కూర.
నొప్పి ఎప్పటినించి?
దీపావళి మర్నాడు, టపాకాయల చెత్త ఎత్తేటప్పుడు.
ఇప్పుడు ఫిబ్రవరి.
ఇన్నాళ్లూ ఏం చేశావు?
పూట పోతే కూలి కోస్తారు.

కాగితం బయటికొచ్చింది.
నేను డాక్టర్ని కాను,
పందొమ్మిదేళ్లుగా ఈ గీతలు చూస్తున్నదాన్ని, అంతే.
గట్టు ఉండాల్సిన చోట పల్లం కనిపిస్తే
నా అరచేతులకి ముందు తెలుస్తుంది.
నా మొహంలోకి చూశాడు.
గొంతు తగ్గించి, దేవుణ్ణి అడిగినట్టు కాదు,
కండక్టర్ని చిల్లర అడిగినట్టు అడిగాడు:
"గ్యాస్ అని రాయించమ్మా.
గుండె అని రాస్తే రేపట్నించి రావద్దంటాడు కాంట్రాక్టరు."

సాయంత్రం కోదండపాణి గారు, ఈ నెల్లో మూడోసారి.
బెల్టు మీద పన్నెండు నిమిషాలు నడిచి
ఎక్కడికీ చేరకుండా దిగారు.
ఆయన గీతలు ఫస్టు ర్యాంకు పిల్ల కాపీ రైటింగు.
గ్యాసేనండీ, అన్నాడు డాక్టరు.
నచ్చలేదు.
ఇంకేదైనా పరీక్ష రాయండి, ఇన్సూరెన్సు ఉందిగా.
ఆయన్ని వెక్కిరించలేను.
వాళ్లన్న వాకింగ్ బూట్ల లేసు కట్టుకుంటూనే ఒరిగిపోయాడట.
ఆ భయమూ నిజమే.
కాకపోతే దానికి అపాయింట్‌మెంటు దొరుకుతుంది,
ఏసీ గదిలో కుర్చీ దొరుకుతుంది,
పేరు పక్కన 'గారు' దొరుకుతుంది.

గ్యాస్ అని రాయించలేదు నేను.
కాగితం పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి పరిగెత్తాను,
ఇవాళే చేర్చుకోమన్నాడు.
తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ.
"ఇంట్లో చెప్పొస్తానన్నాడక్కా" అంది ఆయా.
చొక్కా బొత్తాం ఒకటి నేల మీద ఉంది.

వారమైంది.
చెత్తబండి పాట వినగానే కిటికీ దగ్గరికెళ్తున్నాను,
వెనక నిలబడ్డవాళ్లని లెక్కపెడుతున్నాను.
మా వీధి ఆయన వార్డు కాదు.

మా ఇల్లు రెండో అంతస్తు.
ఈ మధ్య మొదటి అంతస్తులోనే ఆగి
సంచిలో తాళంచెవి వెతుకుతున్నట్టు నటిస్తాను,
ఎవరూ లేని మెట్ల మీద.
ఒక్కరోజు సెలవంటే రెండు జీతాల్లో కోత.
మధ్యాహ్నం ఇరవై మూడో గదిలో ఎవరూ ఉండరు.
మిషను ఇంకా వెచ్చగానే ఉంటుంది.
బుడగలు కడిగి,
వరసగా ఆరబెట్టి,
తలుపు వేసి వచ్చేస్తాను.